రాకుమారికి ఆకులు కట్టకండి

ఆగస్టు వస్తే చాలు, మా అరకు తల్లుల వాట్సాప్ గ్రూపులో ఒకటే ప్రశ్న. "గిరిజన రాకుమారి డ్రెస్సు అద్దెకి ఎక్కడ దొరుకుతుందండీ?" 9వ తేదీ ప్రపంచ ఆదివాసీ దినోత్సవం కదా, ఆ వారంలో స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ పోటీ పెడతారు. ఆ డ్రెస్సు మీరూ చూసే ఉంటారు. పచ్చ ప్లాస్టిక్ ఆకుల లంగా, తలకి ఈకలు, మెడలో పూసలు, చేతిలో అట్ట బల్లెం, బుగ్గల మీద తెల్ల చుక్కలు. అద్దె 300. కొందరైతే పిల్ల మొహానికి నల్లరంగు కూడా పులుముతారు. చూస్తే కడుపులో తిప్పినట్టుంటుంది.

ఆ డ్రెస్సు మానేద్దాం అంటున్నాను. రాకుమారిని మానక్కర్లేదు.

రాకుమారుల మీద నాకేం కోపం లేదండీ. ఆరేళ్ళ పిల్లకి కిరీటం కావాలి. వద్దంటే దుప్పటి కప్పుకుని, స్టీలు గిన్నె నెత్తిన పెట్టుకుని అయినా రాకుమారి అయిపోతుంది. పిల్లకి ఒక ఊరిని, ఒక జాతిని పరిచయం చెయ్యాలంటే రాకుమారి మంచి గుమ్మమే. కానీ గుమ్మం దాటాక లోపల మనుషులుండాలి కదా!

మా అమ్మాయి క్లాసులో ఒక గదబ పిల్ల ఉంది. కిందటేడు ఈ పోటీకి ముందురోజు మా ఇంటికి వచ్చింది. మావాళ్ళందరూ ఎవరేం వేసుకుంటారో చెప్పుకుంటున్నారు. ఆ పిల్ల కాసేపు విని, నా దగ్గరకొచ్చి మెల్లిగా అడిగింది. "ఆంటీ, మా అమ్మమ్మ ఆకులు కట్టుకోదు. మరి నేనేం వేసుకోవాలి?"

మర్నాడు యూనిఫాంలోనే వచ్చింది. ఆదివాసీ దినోత్సవం పేరుతో పెట్టిన పోటీలో నిజంగా ఆదివాసీ అయిన పిల్లకి వేసుకోవడానికి డ్రెస్సు లేదు. బహుమతి ఈకల పిల్లకే వచ్చింది. నాకు ఆ బహుమతి గురించి దిగుల్లేదు. ఆ పిల్ల చప్పట్లు కొడుతూ స్టేజీ వైపు చూసిన చూపే ఇంకా మనసులో గుచ్చుకుంటోంది.

గదబ ఆడవాళ్ళు ఆకులు కట్టుకునేవాళ్ళు కాదు, గుడ్డ నేసేవాళ్ళు. చెట్టు నార తీసి, దారం వడికి, రంగులద్ది, ఎరుపూ నీలం తెలుపూ చారలతో తామే నేసుకునే చీర వాళ్ళది. దాన్ని కెరంగ్ అంటారు. దానికెంత ఓపిక కావాలో, ఎన్నాళ్ళు పడుతుందో మనకి తెలియాలి. మనలో ఎంతమందికి కనీసం నూలు వడకడం వచ్చు చెప్పండి? అంత పనితనం ఉన్న ఆడదానికి ప్లాస్టిక్ ఆకులు చుట్టి "గిరిజన రాకుమారి" అంటున్నాం.

ఇంకో సంగతి. గిరిజనులు అని ఒకే జాతి లేదు. మా చుట్టుపక్కలే బగత, కొండదొర, వాల్మీకి, కోటియా, పోర్జ, గదబ, కోందు ఉన్నారు. కోందులు మాట్లాడే కువి మన తెలుగుకి చుట్టమే, రెండూ ద్రావిడ భాషలు. గదబల్లో కొందరు మాట్లాడే గుతోబ్ ముండా కుటుంబానిది, మన భాషలతో పొత్తే లేదు. సంతలో మాత్రం అందరూ ఆదివాసీ ఒరియాలో బేరాలాడుకుంటారు. ఇన్ని రకాల వాళ్ళకి ఒకటే ఆకుల లంగా ఎలా సరిపోతుంది?

మా చెల్లెలు అమెరికాలో ఉంటుంది. అక్కడ ఏటా సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 దాకా స్పానిష్ మాట్లాడే దేశాల నుంచి వచ్చినవాళ్ళ వారసత్వ మాసం జరుపుతారు. దాని కూతురు స్కూల్లో రంగు కాగితాలు కత్తిరించి, మెక్సికో వాళ్ళ పాపెల్ పికాడో తోరణాలు కట్టారట. తర్వాత ఎలీనా అనే రాకుమారి బొమ్మకి కిరీటం చేశారట. 2016లో డిస్నీ వాళ్ళు మొదలుపెట్టిన సీరియల్లో పిల్ల ఆ ఎలీనా. మొదటి లాటినా రాకుమారి అని చాలామంది సంబరపడ్డారు. కానీ ఆమె దేశం అవలోర్ ఏ మ్యాపులోనూ లేదు. చాలా దేశాల నుంచి తలా కాస్తా తీసుకుని అల్లిన దేశం అది. అయినా తమలా కనిపించే పిల్ల తెర మీద రాజ్యం ఏలుతుంటే చూసి మురిసిన చిన్నపిల్లల సంతోషాన్ని నేను కాదనను. తోరణం కట్టిన పిల్లకి ఆ కాగితం పని మెక్సికో వాళ్ళదని తెలిసింది కదా, నాకు అదే ముఖ్యం. చేత్తో చేసినదానికి ఒక ఊరు, ఒక పేరు ఉంటాయి. అద్దెకి తెచ్చినదానికి ఏమీ ఉండవు.

మరి మనం ఏం చెయ్యొచ్చు?

కిరీటంతో మొదలుపెట్టండి. చలికాలంలో అరకు అంతా పసుపు పరిచినట్టు కనిపించే వలిసె పూలు మీకు తెలిసే ఉంటాయి. టూరిస్టులు ఫొటోల కోసం చేలు తొక్కేస్తారే, అవే. నూనె గింజల పంట అది, అలంకారానికి వేసింది కాదు. ఆగస్టులో పూలుండవు కాబట్టి పసుపు క్రేపు కాగితంతో ఎనిమిదేసి రేకుల పూలు చేసి, అట్ట పట్టీకి వరసగా అంటిస్తే కిరీటం తయారు. అంటించేటప్పుడే ఆ గింజ సంగతి, నూనె సంగతి చెప్పండి. పైటకి కాగితం నేత బాగుంటుంది. ఎరుపు, నీలం, తెలుపు కాగితాలు సన్నగా పట్టీలు కోసి, ఒకటి పైకి ఒకటి కిందికి అల్లిస్తే చాలు. పది వరసలయ్యేసరికి పిల్లలు వేళ్ళు నొప్పంటారు. కెరంగ్ గురించి చెప్పడానికి అదే సరైన సమయం.

తర్వాత అడ్డాకుల విస్తరి. ఆకులకి గౌరవం ఇవ్వాలంటే ఇక్కడ ఇవ్వాలి. అడవికి పోయి అడ్డాకులు కోసుకొచ్చి, పుల్లలతో కుట్టి, కట్టలు కట్టి అమ్ముకునే ఆడవాళ్ళ బతుకు అది. మన పిల్లలు ఒక్క విస్తరి కుట్టేసరికి రెండు ఆకులు చింపుతారు. చింపనివ్వండి.

ఆ విస్తట్లోకి సామల పాయసం. గ్లాసు సామలు దోరగా వేయించి, కడిగి, నాలుగు గ్లాసుల నీళ్ళలో మెత్తగా ఉడికించాలి. పొయ్యి కట్టేసి కాస్త చల్లారాక, కరిగించి వడకట్టిన బెల్లం పాకం, కాచిన పాలు, యాలకుల పొడి కలపాలి. మరుగుతుండగా బెల్లం వేస్తే పాలు విరుగుతాయి, తొందరపడకండి. చోడి అంబలి కూడా చేసి పెట్టండి, మొదట మొహం చిట్లిస్తారు, బెల్లం ముక్క చేతిలో పెడితే తాగుతారు. బొంగు చికెన్ జోలికి మాత్రం ఇంట్లో పోకండి. ఆ వెదురూ ఆ నిప్పూ మన గ్యాసు పొయ్యికి రావు. అరకు రోడ్డు మీద కొనుక్కుని తినడమే మర్యాద.

కథ కావాలంటే సమ్మక్క, సారక్క ఉన్నారు. వాళ్ళు మన కొండలవాళ్ళు కాదు, మేడారం కోయలు, ఆ తేడా కూడా పిల్లలకి చెప్పండి. కరువులో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయుల సైన్యం మీదకొస్తే, తల్లీ కూతుళ్ళు ఎదురు నిలిచి పోరాడారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. చివరికి సమ్మక్క చిలకలగుట్ట మీద మాయమై, కుంకుమ భరిణెగా దొరికిందట. రెండేళ్ళకోసారి మాఘమాసంలో జరిగే ఆ జాతరలో అంతమంది మొక్కే ఆ తల్లికి విగ్రహం లేదు. మొక్కుకి తమ ఎత్తు బెల్లం తూచి ఇస్తారు, దాన్ని బంగారం అంటారు. మా అమ్మాయి ఈ కథ విని, "మరి సారక్క కిరీటం ఎలా ఉంటుందమ్మా?" అంది. "నువ్వే గియ్యి" అన్నాను. అరగంట కదల్లేదు.

"పిల్లల సరదా, దానికింత రాద్ధాంతమా" అని మీలో కొందరంటారు. మా గ్రూపులోనూ అన్నారు. సరదా ఎవరికి అని నా ప్రశ్న. మన ఆచారాన్నో, మన అమ్మమ్మ కట్టునో వేరే రాష్ట్రం వాళ్ళు ఇలా ప్లాస్టిక్‌లో చేసి స్టేజీ ఎక్కిస్తే మనం ఊరుకుంటామా? ఇంకొకావిడ, "అంటే వాళ్ళ వేషం మనం వెయ్యకూడదా" అని అడిగారు. మంచి ప్రశ్నే. అడిగి, తెలుసుకుని వేస్తే ఎందుకు వద్దంటాను? థింసా నేర్పించండి. ఒకరి నడుం వెనకనుంచి ఒకరు చేతులు కలిపి, ఒకే అడుగు వేస్తూ గొలుసులా తిరగాలి. అందులో మధ్యన నిలబడే రాకుమారి ఉండదు, ఒక్కరి అడుగు తప్పితే గొలుసంతా తడబడుతుంది. మా కాలనీ పిల్లలకి మొదటి వారం కాళ్ళు తొక్కుకోవడంతోనే సరిపోయింది.

ఈ ఏడు స్కూలుకి ఉత్తరం రాశాం, ఏడుగురు తల్లులం సంతకాలు పెట్టాం. పోటీ తీసెయ్యలేమన్నారు కానీ, అదే రోజు ఒక గంట విస్తర్లు కుట్టడానికి ఇస్తామన్నారు. ఆ గదబ పిల్ల అమ్మమ్మని అడగడానికి వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆవిడ అంతా విని, పిల్లలు ఎంతమందని అడిగింది. నలభై మంది అన్నాను.

"నలభై మందికి ఆకులు నేనే తేవాలా? కూలెంతిస్తారు?" అంది.

డ్రెస్సుల అద్దె మిగిలింది కదా, ఏడు ఇళ్ళవీ కలిపితే 2,100. అది చెప్పాను. కాసేపు ఆలోచించి సరేనంది. శుక్రవారం మాత్రం పెట్టొద్దంది, ఆరోజు సంత.