మాత్రలిచ్చి మాట చెప్పని వైద్యం

ఉద్దానంలో ఎండన పడి వచ్చినవాడికి బొండం కొట్టి ఇవ్వడం మర్యాద. జ్వరం వచ్చినా బొండమే. కానీ కిడ్నీ జబ్బు ముదిరినవాడికి ఆ నీళ్లే ప్రమాదం. వాటిలో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. ఈ ఒక్క మాట ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఎన్ని గడపలకు చేరింది?

ఈ జబ్బుకు మూలకారణం ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం తెరిచారు. వంశధార నీళ్లు పైపుల్లో తెచ్చారు. డయాలసిస్ రోగికి నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. ఇవన్నీ జనం ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా వచ్చినవే. వాటిని తక్కువ చేయడం లేదు. కానీ రోగి ఆసుపత్రిలో ఉండేది వారానికి కొన్ని గంటలు. మిగతా కాలమంతా ఇంట్లో, తోటలో. అక్కడ అతనికి దిక్కెవరు?

చేతిలో పెట్టే రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. "ఉప్పు తగ్గించు, వచ్చే నెల రా" అంటారు. ఉప్పంటే కూరలో వేసేదే అనుకుని ఎండుచేప, ఆవకాయ మామూలుగానే తింటాడు. జీడిపిక్కలు ఏరి నడుం పట్టేసిన ఆడకూలీ దుకాణంలో నొప్పి మాత్ర కొనుక్కుంటుంది. డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. డయాలసిస్ కోసం ఫిస్టులా వేసిన చేతికి బీపీ కట్టకూడదు, రక్తం తీయకూడదు, ఆ చేత్తో బరువు మోయకూడదు. అది తెలియని మనిషి అదే చేత్తో కొబ్బరి బస్తా ఎత్తుతాడు. తప్పు అతనిదా?

"చదువురాని వాళ్లు, చెప్పినా అర్థం కాదు" అనే అధికారులున్నారు. ట్యాంకుకు ఎన్ని మిల్లీలీటర్ల మందు కలపాలో పురుగుమందుల కంపెనీ మనిషి పొలం గట్టు మీదికి వచ్చి నేర్పితే ఇదే రైతుకు అర్థమైంది. అమ్ముకునే సరుకుంటే పల్లెకు దారి దొరుకుతుంది. ప్రాణం నిలిపే మాటకు మాత్రం దొరకదా?

మనం అడుగుతున్నది పెద్ద ఖర్చు కాదు. ప్రతి రోగికీ తెలుగులో కార్డు ఇవ్వాలి. క్రియాటినిన్ ఎంత, జబ్బు అయిదు దశల్లో ఎన్నో దశ, ఏ మాత్రలు వాడకూడదు, ఏం తినాలో అందులో రాయాలి. చదవలేని వారికి, వండిపెట్టే ఇంటివారికి కూర్చోబెట్టి చెప్పే నర్సును ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నియమించాలి. తొలి దశల్లో నొప్పి ఉండదు కాబట్టి ఊళ్లోనే రక్త, మూత్ర పరీక్షలు జరపాలి. ఉపాధి పనుల దగ్గర నీడ, మంచినీళ్లు కచ్చితంగా ఉండాలి.

గ్రామ శాఖలు ఈ నెల గ్రామసభల్లో ఈ నాలుగు కోర్కెలపై తీర్మానం చేయించాలి. ఆలోగా కొబ్బరి నీళ్లు, నొప్పి మాత్రల మాటైనా మన కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి చెప్పాలి. దానికి ఏ జీవో అక్కర్లేదు.