మూలిక పేరు కాదు, మోతాదు ముఖ్యము

1998లో సైబర్ టవర్స్ వెలసిన హైటెక్ సిటీ పరిసరములలో నేడు స్వదేశీ సౌందర్య లేపనములకు కొదువ లేదు. ఇది హర్షింపదగినదే. చైనాలో సైతము, 1931లో షాంఘైలో పుట్టిన పెచోయిన్ అను పాత సంస్థ మూలికల పేరుతోనే మరల ప్రజాదరణ పొందినది. మన సంస్థలును ఆ బాటనే నడచుచున్నవి.

అయితే డబ్బాపై కుంకుమపువ్వు బొమ్మ వేసినంత మాత్రాన లేపనమునకు గుణము రాదు. ఒక శాతమునకు మించిన పదార్థములను ఎక్కువ నుండి తక్కువకు వరుసగా ముద్రింపవలెనని మన దేశ నియమము. ఆ జాబితా చదవండి. నీరు, మైనము, సువాసన ద్రవ్యము ముందుండి, పసుపు, మంజిష్ఠ అట్టడుగున ఉన్నచో, మీరు వెల చెల్లించినది మూలికకు కాదు, బొమ్మకు.

ద్రవ్యము, మోతాదు, పాకము మూడును కుదిరిననే ఆయుర్వేదము. 1920లో హైదరాబాదులోనే పుట్టిన యునాని ఔషధము జిందా తిలిస్మాత్ నూరేళ్ళు దాటినది. అట్టి పేరు తెచ్చుకొనుటకు తరములు పట్టును. పోగొట్టుకొనుటకు ఒక్క దద్దురు చాలును. కనుక మోతాదును దాచని సంస్థకే భవిష్యత్తు.

ఏ లేపనమునైనను ముందుగా మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి, ఒక దినము వేచి, దురద, ఎరుపు లేనిచోనే ముఖమునకు వాడండి.