ఎంబీఏ పట్టా – ఎవరి మెడకు అప్పు?

మొన్న ఆదివారం పొద్దున్నే మా వాడ పెద్దమనిషి ఒకాయన ఇంటికొచ్చిండు. వరుసకు నాకు అన్న అవుతడు. చేతిలో రంగురంగుల కాలేజీ కాగితం. "తమ్మీ, పిల్లగానికి పట్నంల ఎంబీఏ సీటు దొరికింది. రెండేండ్లకు ఫీజు, హాస్టలు కలిపి నాలుగు లక్షలు. బ్యాంకోడు సర్కారు నౌకరోని సంతకం తెమ్మంటుండు. నువ్వు పెట్టాలె" అన్నడు.

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేను. మా నాయన అప్పు చేయకపోతే నేనీ పలక పట్టేవాణ్ణి కాదు. కాబట్టి అప్పు మాట వినగానే వద్దనే నోరు నాకు లేదు. బాబాసాహెబ్ కూడా 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కామర్స్ కాలేజీలో కొలువు చేసి జీతం కూడబెట్టుకుని, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం తీసుకుని, ఒక పార్సీ మిత్రుడి దగ్గర 5,000 రూపాయలు అప్పు చేసి 1920లో మళ్లీ లండన్ పోయిండు. అప్పు తప్పు కాదు. ఏ చదువుకు, ఏ సీటుకు, ఎంత అప్పు అన్నదే లెక్క.

ఆ లెక్క నల్లబల్ల మీద వేసినట్టే ఇక్కడ వేస్తా. ఏడాదికి 2 లక్షల చొప్పున రెండుసార్లు బ్యాంకు ఇస్తుంది. వడ్డీ నూటికి ఏడాదికి 10 అనుకుందాం. చదువు రెండేండ్లు, ఆ పైన ఒక ఏడాది వాయిదాలు అడగరు. అడగరు గానీ వడ్డీ మాత్రం ఆగదు. మొదటి 2 లక్షలకు మూడేండ్ల వడ్డీ 60 వేలు, రెండో 2 లక్షలకు 40 వేలు. కట్టడం మొదలయ్యే నాటికి అప్పు 5 లక్షలు. పదేండ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 6,600. మొత్తం కట్టేది 7 లక్షల 90 వేల పైమాటే.

ఇక జీతం. మా బడిలో చదివి ఇట్లాంటి కాలేజీల్లో ఎంబీఏ చేసిన పిల్లలను నేను ఎరుగుదు. ఒకరు ఫోన్ల దుకాణంలో, ఒకరు బీమా పాలసీలు అమ్ముతూ, ఇంకొకడు మైక్రో ఫైనాన్స్ కంపెనీలో. వాడు బండేసుకుని మన వాడకే వస్తడు, మన అక్కచెల్లెండ్ల దగ్గర వారం వాయిదాలు వసూలు చేయడానికి. తన చదువు అప్పు తీర్చడానికి తల్లుల అప్పు వసూలు చేస్తుండు! జీతం 16 వేలు. అద్దె, తిండి, పెట్రోలు పోను 6,600 ఎక్కడి నుంచి తెస్తడు? అదే కంపెనీలో అదే పనికి పక్క ఊరి బీకాం పిల్లవాడు 12 వేలకు చేస్తుండు. వాడికి అప్పు లేదు.

అసలు తూకం ఇక్కడుంది. ఎంబీఏ తెచ్చేది 16 వేలు కాదు, బీకాం మీద ఎక్కువ వచ్చే 4 వేలు. ఏడాదికి 48 వేలు. ఖర్చు వైపు 5 లక్షల అప్పే కాదు, ఆ రెండేండ్లు పనికి పోతే నెలకు 12 వేల చొప్పున వచ్చేది 2 లక్షల 88 వేలు కూడా వేసుకోవాలె. మొత్తం 7 లక్షల 88 వేలు. 48 వేల చొప్పున పూడాలంటే పదహారేండ్లు దాటుతుంది. జీతాలు పెరుగుతయి నిజమే. బీకాం వాడికీ పెరుగుతయి.

కాలేజీ కాగితం మీద మాత్రం టై కట్టిన ఒక పిల్లవాడి బొమ్మ, కింద పెద్ద ప్యాకేజీ అంకె. బడి ప్రార్థనలో పిల్లలను ఎత్తు ప్రకారం నిలబెడతం కదా. చివరి పొడుగువాణ్ణి చూపి మా పిల్లలంతా ఇంతే అంటే నమ్ముతమా? బ్యాచినంతా జీతం ప్రకారం వరుసగా నిలబెట్టి నట్టనడుమ నిలబడ్డవాడి జీతమెంతో చెప్పమనండి. ఉద్యోగం దొరకనివాళ్లను కూడా ఆ వరుసలో నిలబెట్టమనండి. చెప్పని కాలేజీ గడప తొక్కకండి.

మా అన్న కొడుక్కు వచ్చింది మేనేజ్‌మెంట్ సీటు. దానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ఈ సంగతి కాలేజీ ఏజెంటు చెప్పడు. ఐసెట్ రాసి కన్వీనర్ కోటాలో సీటు తెచ్చుకుంటే మాట వేరు. యూనివర్సిటీ క్యాంపస్‌లో అయితే మరీ వేరు. ఐఐఎంలలో ఫీజులు లక్షల్లో ఉన్నా ఎస్సీలకు 15 శాతం సీట్లున్నయి. ఏటా 8 లక్షల లోపు ఆదాయమున్న ఎస్సీ ఇంటి పిల్లలకు కేంద్రం టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ కింద అక్కడి ఫీజు కట్టే ఏర్పాటుంది, సీట్లు కొన్నే అయినా. మన వాడల్లో క్యాట్ అనే పరీక్ష పేరు తెలిసిన పిల్లలెందరు? పెద్దింటి పిల్లలకు ఈ కబురు అన్నం తినేకాడ తెలుస్తది. మన పిల్లలకు చేరేది ఏజెంటు కాగితం ఒక్కటే.

రీయింబర్స్‌మెంటూ సర్కారు దయ మీద నడిచేదే. ఆంధ్రలో 2020 డిసెంబరులో 77వ నెంబరు జీ.ఓ.తో ప్రైవేటు కాలేజీల పీజీ పిల్లలకు దాన్ని కోసేసిండ్రు. ఇటు బకాయిలు రాలేదని కాలేజీలు సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చుంటయి. సర్కారు బాకీకి పిల్ల జామీనా?

ఇక ఆ సంతకం సంగతి. 4 లక్షల దాకా చదువు అప్పుకు తాకట్టు అడగొద్దని రిజర్వు బ్యాంకు చెప్పింది. బ్యాంకుల సంఘం రాసుకున్న పథకంలో తల్లో తండ్రో కలిసి సంతకం చేస్తే చాలు. మరి సర్కారు నౌకరోని సంతకం ఎందుకు? మన వాడ పేరు చూసి అడుగుతున్నరు. బ్యాంకు తిప్పి పంపితే మనోళ్లు పోయేది మూడు రూపాయల వడ్డీకే. అంటే ఏడాదికి నూటికి 36. 2 లక్షలకు నెలనెలా 6 వేలు వడ్డీకే పోతది, అసలు అట్లనే ఉంటది.

ఇదంతా చెప్తే మా అన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పిల్లగాడు మాట పడ్డడు తమ్మీ, దోస్తులందరు పట్నం పోతున్నరు" అన్నడు. ఆ మాటకు నా లెక్కలో జవాబు లేదు. సంతకం మాత్రం పెట్టలేదు. పిల్లవాణ్ణి పిలిపించిన. ఈ ఏడు ఏదైనా పని చేస్తూ మళ్లీ ఐసెట్ రాస్తనని సగం మనసుతో ఒప్పుకున్నడు.

ఐసెట్ రాసిన పిల్లలున్న ఇండ్లవాళ్లు కౌన్సెలింగ్‌కు ముందే ర్యాంకు కార్డు, కుల, ఆదాయ సర్టిఫికెట్లు పట్టుకుని మీ మండల సంఘం కార్యకర్తను కలవండి. బ్యాంకు మేనేజరు లేదంటే, ఆ లేదన్నది కాగితం మీద రాసిమ్మని అడగండి. ఆ కాగితం మాకు పంపండి.