అద్దం, ఆధార్ కార్డు, నేను

మగాడికి అందం మీద ధ్యాస ఉండదని మొదట అన్నదెవరో గానీ, అనేనాటికి ఆయనకి పెళ్ళయిపోయి ఉంటుందని నా గట్టి నమ్మకం. పెళ్ళికాని మగాడు లిఫ్టులో ఒక్కడే ఉన్నప్పుడు ఏం చేస్తాడో, కింద కెమెరా చూస్తూ కూర్చునే సెక్యూరిటీ గార్డుని అడగండి, చెప్తాడు. పొట్ట లోపలికి లాగుతాడు. నుదుటి మీదకి జుట్టు లాగుతాడు. మూడో అంతస్తులో ఎవరైనా ఎక్కగానే ఫోను తీసి, ప్రొడక్షన్ సర్వరేదో కూలిపోయినట్టు సీరియస్‌గా చూస్తాడు.

నా గురించి రెండు ముక్కలు. వయసు ముప్ఫై నాలుగు. హైదరాబాద్‌లో కొండాపూర్ వైపు ఒక చిన్న ఫ్లాట్‌లో ఒక్కణ్ణే ఉంటాను. పగలు జావా రాస్తాను, రాత్రి పప్పుచారు కాస్తాను. రెండూ మొదటిసారికే సరిగ్గా రావడం అరుదు. పెళ్ళి కాలేదు. "ఎందుకు కాలేదు?" అని అడిగేవాళ్ళు మా ఊళ్ళో చాలామందే ఉన్నారు కాబట్టి మీరు శ్రమ పడక్కర్లేదు :)

సరే, అసలు విషయానికొద్దాం. ఒంటరిగా ఉండే మగాడికి ఇంట్లో తన మొహం గురించి ఒక మాట చెప్పేవాళ్ళుండరు. "ఆ చొక్కా బాలేదు, మార్చుకో" అనేవాళ్ళుండరు. కాబట్టి మనం ఎలా ఉన్నామో తెలుసుకోడానికి యంత్రాల మీద ఆధారపడాలి. ఆ యంత్రాలేమో ఒకదానితో ఒకటి పొంతన లేకుండా మాట్లాడతాయి. నా దగ్గర ప్రస్తుతం నాలుగు వెర్షన్లున్నాయి.

మొదటిది బాత్రూమ్ అద్దం. అందులో నేను బాగానే ఉంటాను. నిజం చెప్పాలంటే కాస్త ఎక్కువే బాగుంటాను. దీనికో కారణం ఉందండోయ్. అద్దంలో కనబడేది కుడి ఎడమలు తారుమారైన బొమ్మ. ఏ మనిషి మొహమూ రెండు పక్కలా సరిసమానంగా ఉండదు కాబట్టి, నేను రోజూ చూసే మొహం వేరు, మీరు చూసే మొహం వేరు. 1977లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు ఒక పని చేశారు. కొందరి ఫోటోలు తీసి, మామూలు ప్రింటొకటి, అద్దంలో బొమ్మలా తిప్పిన ప్రింటొకటి తయారుచేసి, ఏది బాగుందని అడిగారు. ఫోటోలో ఉన్నవాళ్ళేమో ఎక్కువగా తిప్పిన బొమ్మనే మెచ్చుకున్నారు. వాళ్ళ స్నేహితులు మామూలు బొమ్మని మెచ్చుకున్నారు. అంటే మనకి నచ్చేది అందం కాదు, అలవాటు. కాకిపిల్ల కాకికి ముద్దు అని మనవాళ్ళు ఏ ప్రయోగమూ చెయ్యకుండానే తేల్చేశారు. కాకపోతే ఇక్కడ కాకీ మనమే, పిల్లా మనమే.

రెండోది సెల్ఫీ. ఇందులో నేనంటే ముందొక ముక్కు, దాని వెనకాల ఎక్కడో ఒక మనిషి. ఇది నా ముక్కు తప్పు కాదట. చెయ్యి చాపినంత దూరంలోంచి ఫోటో తీస్తే కెమెరాకి దగ్గరున్న భాగం పెద్దదిగా, దూరమున్నది చిన్నదిగా పడుతుంది. 2018లో కొందరు డాక్టర్లు లెక్కకట్టి చెప్పారు: 5 అడుగుల దూరంలోంచి తీసిన ఫోటోతో పోలిస్తే, 12 అంగుళాల దూరంలోంచి తీసిన ఫోటోలో మగవాళ్ళ ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందట. ముక్కు ఆపరేషన్ చేయించుకోవాలనుకునేవాళ్ళు ముందు ఫోనుని నాలుగడుగులు వెనక్కి పెట్టి చూసుకుంటే బోలెడు డబ్బు మిగులుతుంది.

మూడోది ఆధార్ కార్డు. దీని గురించి వేరే చెప్పాలా? దేశంలో కుల, మత, ప్రాంత భేదాలు లేకుండా అందరినీ సమానంగా చూసిన ఏకైక కెమెరా అది. అందులో నన్ను చూస్తే ఎవరైనా ముందు "ఏం కేసు?" అని అడుగుతారు.

నాలుగోది వీడియో కాల్. 2020 నుంచి మన బతుకుల్లోకొచ్చిన కొత్త అద్దం. మిగతా మూడూ మనం చూసినప్పుడే కనిపిస్తాయి, ఇది మాత్రం రోజుకి నాలుగు మీటింగుల్లో స్క్రీన్ మూల కూర్చుని మన వంకే చూస్తుంటుంది. స్టాండప్‌లో ఎవరో బ్లాకర్ గురించి చెప్తుంటే, మనం "నా బట్టతల ఇంత దూరం వచ్చిందా?" అని ఆలోచిస్తుంటాం. స్టాన్‌ఫర్డ్‌లో జెరెమీ బైలెన్సన్ అనే ప్రొఫెసర్ 2021లో జూమ్ అలసట గురించి రాస్తూ నాలుగు కారణాలు చెప్పాడు. అందులో ఒకటి ఇదే, రోజంతా మన మొహం మనకే కనిపిస్తూ ఉండడం. ఆఫీసులో ఒక మనిషి పొద్దున్నించి సాయంత్రం దాకా అద్దం పట్టుకుని మన వెనకాలే తిరుగుతుంటే మనకి పిచ్చెక్కదూ? ఇదీ అంతే. జూమ్‌లోనూ టీమ్స్‌లోనూ మన బొమ్మ మనకి కనబడకుండా దాచుకునే ఆప్షనుంది. వాడండి. పుణ్యముంటుంది.

ఈ నాలుగింటిలో ఏది నేను? అని ఆలోచిస్తే ఏదీ కాదని తేలింది. పోనీ, బయటివాళ్ళకి నేనెలా కనిపిస్తున్నాను? ఇక్కడో శుభవార్త. చాలామందికి అసలు కనిపించను! కార్నెల్ యూనివర్సిటీలో గిలోవిచ్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ఒక స్టూడెంటుకి బ్యారీ మానిలో అనే గాయకుడి బొమ్మున్న టీషర్టు, అంటే వేసుకోడానికి ఆ వయసువాళ్ళు సిగ్గుపడే టీషర్టు, తొడిగి నలుగురున్న గదిలోకి పంపారు. "ఎంతమంది గమనించుంటారు?" అంటే వేసుకున్నవాళ్ళు దాదాపు సగంమంది అనుకున్నారు. నిజంగా గమనించింది అందులో సగమే, సుమారు పావు వంతు. మన మీద మనం అనుకున్నంత పెద్ద ఫోకస్ లైటేమీ లేదు. ఎవరి మొహం మూలనున్న చిన్న డబ్బాలో వాళ్ళు చూసుకుంటున్నారు.

ఇక్కడితో ఆపేస్తే ఇది హాయిగా నవ్వుకునే టపా అయిపోయేది. కానీ మన గురించి మన అభిప్రాయంతో పని లేనిది ఒకటుంది: తూకం.

నా ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 76 కిలోలు. బరువుని ఎత్తు వర్గంతో భాగిస్తే 25.7 వస్తుంది. దీన్నే బీఎంఐ అంటారు. 1830లలో కెట్లే అనే బెల్జియం గణిత శాస్త్రవేత్త మొదలుపెట్టిన లెక్కిది, ఇప్పుడున్న పేరు 1972లో వచ్చింది. తమాషా ఏంటంటే, అమెరికా లెక్కలో 30 దాటితేనే ఊబకాయం. మన దేశంలో 2009లో డాక్టర్లు ఖరారు చేసిన లెక్కలో 23 నుంచే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. అంటే నేను ఆన్‌సైట్ వెళ్తే చాలు, ఒక్క గ్రాము తగ్గకుండానే నా ఊబకాయం మాయం! జిమ్ ఫీజు కంటే వీసా ఫీజు నయం అనిపిస్తోంది కదా?

కానీ ఆ తేడా ఎవరో సరదాకి పెట్టింది కాదు. అదే బీఎంఐ దగ్గర మనవాళ్ళ ఒంట్లో కొవ్వు ఎక్కువ, అదీ పొట్ట దగ్గర ఎక్కువ. షుగరూ మనకి తక్కువ బరువులోనే వస్తుంది. అందుకే మగవాళ్ళకి నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటకూడదంటారు. లిఫ్టులో లోపలికి లాగి కొలవకూడదు, మామూలుగా ఊపిరి వదిలి కొలవాలి :(

2025లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్ళూ, ఏఐజీ హాస్పిటల్ డాక్టర్లూ కలిసి ఇదే ఊళ్ళో 345 మంది ఐటీ ఉద్యోగులని పరీక్షించారు. 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు పేరుకుంది. 71 శాతం మందికి ఊబకాయం. గంటలకొద్దీ కూర్చోవడం, పని ఒత్తిడి, నిద్ర సరిగా లేకపోవడం, వేళాపాళా లేని తిండి, ఇవీ వాళ్ళు చెప్పిన కారణాలు. మీ టీంలో పదిమందుంటే, ఈ లెక్కన ఎనిమిదిమందికి పైనే. లివర్ పాపం ఏమీ అనదు. లాగ్స్ రాయదు, అలర్ట్ పంపదు, ఒక్కసారే క్రాషవుతుంది. మనం చూస్తే నుదుటి మీద తగ్గిన నాలుగు వెంట్రుకల కోసం నెలకి రెండు వేలు నూనెలకీ షాంపూలకీ తగలేస్తుంటాం. అద్దంలో కనబడేదానికి ఆరు రకాల సీసాలు, కనబడనిదానికి సంవత్సరానికొక రక్తపరీక్ష కూడా లేదు.

దీన్ని బ్రహ్మచారులకి అంటగడుతున్నానేంటని మీరనొచ్చు. లివర్ పెళ్ళయిందా లేదా అని చూడదు, నిజమే. కానీ మన కేసులో ఒక ప్రత్యేకత ఉంది. ఏ పెళ్ళికాని స్నేహితుడి ఫ్లాటుకైనా వెళ్ళి చూడండి. నేల మీద పరుపు. కిటికీకి పాత దుప్పటి. రెండు కంచాలు, ఒకటిన్నర గరిటె. ఫ్రిజ్‌లో ఆవకాయ సీసా, పెరుగు ప్యాకెట్, మొన్నటి కర్రీ పాయింట్ కవరు. నెలకి లక్షన్నర సంపాదించేవాడు తన ఇంట్లో తానే ట్రైన్ కోసం ఎదురుచూసేవాడిలా ఉంటాడు. మంచం ఎందుకు కొనలేదురా అంటే, "పెళ్ళయ్యాక ఎలాగూ కొనాలిగా" అంటాడు. వంట? పెళ్ళయ్యాక. హెల్త్ చెకప్? పెళ్ళయ్యాక. అంటే తన జీవితం ఇంకా టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో ఉందనీ, శుభలేఖ అచ్చయిన రోజున ప్రొడక్షన్‌లోకి వెళ్తుందనీ వాడి ఉద్దేశం. నాయనా, ఒంటికి ఆ తేడా తెలీదు. అది పుట్టిన దగ్గర్నించీ లైవ్‌లోనే నడుస్తోంది.

ఈ ఆలోచన వాడికి ఊరికే రాలేదు లెండి. లోకం నేర్పింది. ఇల్లు అద్దెకి అడిగితే ఓనరు ఆంటీ "బ్యాచిలర్సా బాబూ? మేం ఫ్యామిలీలకే ఇస్తామండీ" అంటుంది. అంటే నేను ఫ్యామిలీ కానన్నమాట. గృహప్రవేశానికెళ్తే "ఇంకా సెటిలవ్వలేదా?" అంటారు. పదకొండేళ్ళ ఉద్యోగం, సొంతంగా కట్టుకున్న చెల్లి పెళ్ళి అప్పు, అమ్మ కంటి ఆపరేషను, ఇవన్నీ సెటిలవ్వడం కిందకి రావు. ఇరవైసార్లు వింటే ఎవడికైనా తను సగం మనిషిననే అనిపిస్తుంది. సగం మనిషికి పూర్తి భోజనమెందుకులే అనుకుని మ్యాగీ కాచుకుంటాడు. అదండీ అసలు సెల్ఫ్ ఇమేజి సమస్య. ముక్కు వెడల్పు కాదు.

పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు అని మనకో సామెతుంది. మన భాషలో దీన్ని డెడ్‌లాక్ అంటారు. డెడ్‌లాక్ విడిపోవాలంటే ఎవరో ఒకరు ఎదురుచూడ్డం మానెయ్యాలి. పెళ్ళి మానెయ్యమని కాదు (అమ్మా, నువ్వు ఇది చదువుతుంటే కంగారుపడకు). ఎదురుచూపులు మానెయ్యమంటున్నాను. కంది పప్పు, ఒక కూర, పెరుగు, ఇంతకంటే పెద్ద వంట అక్కర్లేదు. కుక్కర్ మూడు కూతలు కూసేలోపు ఆ కూర తరుక్కోవచ్చు. సాయంత్రం అరగంట నడక. ఏడాదికోసారి రక్తపరీక్ష. కిటికీకి నిజమైన కర్టెను. ఇవి సంసారి లక్షణాలు కావు, మనిషి లక్షణాలు.

నేను పోయినేడాది డైనింగ్ టేబుల్ కొన్నాను. నాలుగు కుర్చీలది. మా పిన్ని ఊర్నించి వచ్చి, దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఒక్కడివే ఉంటావు, నీకెందుకురా ఇంత టేబులు?" అంది.

"తినడానికి పిన్నీ" అన్నాను.

ఆవిడ కాసేపు నా వంక చూసి, లోపలికెళ్ళి రెండు కంచాలు తెచ్చి పెట్టింది. ఆ పూట ఇద్దరం దాని మీదే తిన్నాం. పప్పులో ఉప్పు తగ్గిందంది. పెళ్ళి మాట మాత్రం ఎత్తలేదు, మా వంశంలో అదో రికార్డు. తర్వాతి వారం ఫోన్ చేసి, "ఏం వండుకున్నావురా?" అని అడిగింది. "ఎవరైనా కుదిరారా?" అని కాకుండా వేరే ప్రశ్నతో ఆవిడ ఫోన్ మొదలుపెట్టడం నాకు తెలిసి అదే మొదలు.

మిగతా మూడు కుర్చీలూ ఖాళీగా ఉన్నాయని ఎవరూ బెంగపెట్టుకోనక్కర్లేదు. ప్రస్తుతానికి వాటి మీద ఉతికిన బట్టలున్నాయి. ఆదివారం మడతపెడతాను.