సమయం తప్పేది స్విచ్‌ దగ్గరే

ఇంట్లో గోడ గడియారాన్ని ఐదు నిమిషాలు ముందుకు జరిపి పెట్టుకోవడం మనలో చాలామందికి అలవాటు. బస్సు తప్పిపోదని ఒక ధీమా. మొబైల్ టవర్లకూ, కరెంటు సబ్‌స్టేషన్లకూ ఆ వెసులుబాటు లేదు. అక్కడి గడియారాలు సెకనులో పది లక్షల వంతు, అంటే మైక్రోసెకను స్థాయిలో ఒకదానితో ఒకటి కలిసి నడవాలి.

భారత ప్రామాణిక సమయాన్ని న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల పరమాణు గడియారాలతో నిలబెడుతోంది. ఆ సమయాన్ని అహ్మదాబాద్, బెంగళూరు, భువనేశ్వర్, ఫరీదాబాద్, గువాహటిలలోని ప్రాంతీయ ప్రయోగశాలల ద్వారా దేశమంతటికీ అందించే పథకాన్ని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ చేపట్టింది. దేశమంతా ఒకే అధికారిక సమయాన్ని పాటించాలంటూ 2025 జనవరిలో ముసాయిదా నిబంధనలు కూడా విడుదల చేసింది. మంచి ప్రయత్నం. కానీ చర్చంతా గడియారాల చుట్టూనే తిరుగుతోంది. గడియారం నుంచి బయల్దేరిన సమయం గమ్యం చేరేలోపు దాటే నెట్‌వర్క్ స్విచ్‌ల గురించీ, వాటిని నడిపించే డ్రైవర్ల గురించీ ఎవరూ మాట్లాడటం లేదు. నా ఉద్దేశంలో అసలు పరీక్ష అక్కడే ఉంది.

ముందు అవసరం ఎంతటిదో చూద్దాం. మన 5జీ సేవల్లో ప్రధానమైన 3.3 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో టవరూ ఫోనూ ఒకే పౌనఃపున్యం మీద వంతులవారీగా మాట్లాడుకుంటాయి. ఒక టవర్ వినే వేళ పక్క టవర్ మాట్లాడితే రెండింటి పనీ చెడుతుంది. అందుకే ఉమ్మడి ప్రమాణ సమయానికి ఏ టవరూ 1.5 మైక్రోసెకన్లకు మించి తేడా రాకూడదని అంతర్జాతీయ ప్రమాణం చెబుతోంది. విద్యుత్ గ్రిడ్‌లో వేర్వేరు చోట్ల వోల్టేజీ తరంగం ఏ దశలో ఉందో పోల్చి చూస్తారు. 50 హెర్ట్జ్ గ్రిడ్‌లో గడియారం ఒక్క మిల్లీసెకను తప్పితే ఆ కొలతలో 18 డిగ్రీల తేడా వస్తుంది. అంత తప్పుతో తీసుకునే నిర్ణయం ప్రమాదకరం. 2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాల్లో సుమారు 5 కోట్ల మంది చీకట్లో చిక్కుకున్నప్పుడు, ఏ లైను ముందు పడిపోయిందో ఏది తర్వాతో తేల్చడం దర్యాప్తు బృందానికి పెద్ద తలనొప్పి అయింది. కారణం, చాలా రికార్డర్ల గడియారాలు ఒకదానితో ఒకటి కలవలేదు. సమయం కలిసిన రికార్డర్లను తప్పనిసరి చేయాలని ఆ బృందం సిఫారసు చేసింది.

ఇంటర్నెట్‌లో గడియారాలను కలపడానికి 1980ల నుంచీ వాడుతున్న ఎన్‌టీపీ పద్ధతి మిల్లీసెకన్ల దాకా బాగానే పనిచేస్తుంది. మైక్రోసెకన్లు, అంతకన్నా సూక్ష్మమైన తేడాల కోసం 2002లో ఐఈఈఈ 1588 అనే ప్రమాణం వచ్చింది. దాన్నే పీటీపీ అంటారు. 2008లో, 2019లో దాన్ని సవరించారు. సూత్రం తేలికే. పెద్ద గడియారం ఒక ప్యాకెట్ పంపి, పంపిన సమయం చెబుతుంది. చిన్న గడియారం అది అందిన సమయం రాసుకుని, తిరిగి ఒక ప్యాకెట్ పంపుతుంది. పోవడానికీ రావడానికీ ఒకే సమయం పడుతుందనుకుంటే, ఈ నాలుగు సమయాల నుంచి రెండు గడియారాల మధ్య తేడా లెక్క తేలుతుంది.

చిక్కంతా ఆ "అనుకుంటే" దగ్గరే. మధ్యలో మామూలు స్విచ్ ఉందనుకుందాం. మన ప్యాకెట్ వచ్చేసరికి దాని ముందు 1500 బైట్ల ప్యాకెట్ ఒకటి వరుసలో ఉంది. సెకనుకు ఒక గిగాబిట్ వేగమున్న లైనులో అది వెళ్లడానికే 12 మైక్రోసెకన్లు పడుతుంది. తిరుగు దారి ఖాళీగా ఉంటే, లెక్కలో అందులో సగం, అంటే 6 మైక్రోసెకన్ల తప్పు చేరుతుంది. 5జీకి అనుమతించిన మొత్తం తేడాకు ఇది నాలుగు రెట్లు. ఢిల్లీలో పరమాణు గడియారం ఎంత నిక్కచ్చిగా నడిచినా ఈ తప్పును సరిదిద్దలేదు.

దీనికి విరుగుడు పీటీపీలోనే ఉంది. ప్యాకెట్ స్విచ్‌లోకి అడుగుపెట్టిన క్షణాన్నీ, బయటికెళ్లిన క్షణాన్నీ చిప్ నమోదు చేసి, లోపల ఎంతసేపు ఆగిందో ఆ ప్యాకెట్‌తోనే చెప్పి పంపవచ్చు. లేదా స్విచ్ తానే ఒక గడియారంగా మారి, పైనుంచి సమయం తీసుకుని కిందికి అందించవచ్చు. ఏ పద్ధతైనా ముద్ర గుమ్మం దగ్గరే పడాలి. ఉత్తరాలన్నీ కుప్పగా లోపలికి చేరాక, తీరిక దొరికినప్పుడు ముద్ర వేస్తే అది ఏ వేళకు వచ్చిందో ఎవరు చెప్పగలరు? సాఫ్ట్‌వేర్‌తో సమయం నమోదు చేయడం అలాంటిదే.

ఇక్కడే డ్రైవర్ రంగంలోకి వస్తుంది. చిప్‌కూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య దుబాసీ లాంటి ప్రోగ్రామ్ ఇది. చిప్ నమోదు చేసిన సమయాన్ని డ్రైవర్ సరైన ప్యాకెట్‌కే జత చేయాలి. ఒకదాని సమయం మరొకదానికి అంటగడితే కొంప మునిగినట్టే. చిప్‌లోని లెక్కింపు 32 బిట్లదై, నానోసెకనుకు ఒకటి చొప్పున పెరిగేదైతే, 4.3 సెకన్లకే నిండి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఆలోపే డ్రైవర్ దాన్ని చదివి లెక్క కొనసాగించాలి. లైను వేగం మారితే చిప్ లోపలి జాప్యమూ మారుతుంది, దాన్నీ కలుపుకోవాలి. ఇవేవీ కొనుగోలు కాగితాల్లో కనబడవు. చిప్‌కు శక్తి ఉంటే పెట్టె మీద "1588కు అనుకూలం" అని అచ్చు వేసేస్తారు. డ్రైవర్ ఆ శక్తిని బయటికి తేకపోతే ఆ అచ్చుకు అర్థం లేదు.

2011లో నేను ఎమ్మెస్సీ విద్యార్థిని. జెనీవా దగ్గరి సెర్న్ నుంచి ఇటలీలోని గ్రాన్ సాసోకు సుమారు 730 కిలోమీటర్లు ప్రయాణించిన న్యూట్రినోలు కాంతి కంటే 60 నానోసెకన్లు ముందే చేరాయన్న వార్త విని హాస్టల్‌లో రాత్రంతా వాదించుకున్నాం. ఐన్‌స్టైన్ ఓడిపోయాడని ఒకరు, లేదని ఒకరు. కొన్ని నెలల తర్వాత తేలిందేమిటంటే, జీపీఎస్ సమయాన్ని ప్రయోగ గడియారానికి తెచ్చే ఆప్టికల్ ఫైబర్ కేబుల్ సరిగా బిగించలేదు. సమయం మూలంలో బాగానే ఉంది, దారిలో ఆలస్యమైంది. ఆ పాఠం నేను మరిచిపోలేదు. అదే సెర్న్‌లో రూపుదిద్దుకున్న వైట్ రాబిట్ పరిజ్ఞానం స్విచ్‌ల మీదుగానే నానోసెకను కంటే తక్కువ తేడాతో సమయం పంచుతోంది. దారిని పట్టించుకుంటే ఏం సాధించవచ్చో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

ప్రతి టవర్ మీదా ఒక ఉపగ్రహ రిసీవర్ పెట్టేస్తే సరిపోదా అని కొందరంటారు. ఉపగ్రహం చాలా చోట్ల మంచి మార్గమే, నేను కాదనను. కానీ దాదాపు 20,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే జీపీఎస్ సంకేతం చాలా బలహీనం. చవక జామర్‌తో దాన్ని చెడగొట్టవచ్చు. భవనాల లోపల అందదు. అందుకే నేల మీది దారి కూడా నమ్మదగినదిగా ఉండాలి. ఖర్చు పెరుగుతుందన్న అభ్యంతరం కూడా న్యాయమైనదే. కాబట్టి బడికీ, మామూలు కార్యాలయానికీ ఇది అక్కర్లేదు; అక్కడ ఎన్‌టీపీ చాలు. గ్రిడ్, టెలికాం, రైల్వే సిగ్నలింగ్ లాంటి చోట్ల మాత్రం రాజీ కూడదు.

అందుకు మూడు పనులు జరగాలి. ఒకటి, ప్రభుత్వ టెండర్లలో "1588కు అనుకూలం" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకోకుండా, స్విచ్ నిండా ట్రాఫిక్ ఉన్నప్పుడు ఎంత తేడా వస్తుందో కొలిచి చూపమనాలి. రెండు, డ్రైవర్ ప్రధాన లైనక్స్ కెర్నెల్‌లో బహిరంగంగా ఉండాలని అడగాలి. 2011లో వచ్చిన లైనక్స్ 3.0 నుంచే పీటీపీ హార్డ్‌వేర్ గడియారాలకు అందులో ఉమ్మడి ఏర్పాటు ఉంది. కంపెనీ తన దగ్గరే దాచుకున్న డ్రైవర్ ఆ కంపెనీ ఆసక్తి ఉన్నన్నాళ్లే బతుకుతుంది. సబ్‌స్టేషన్‌లో పరికరం అంతకన్నా ఎక్కువ కాలం పనిచేయాలి. మూడు, ఇంజినీరింగ్ కళాశాలల్లో దీన్ని ప్రయోగంగా నేర్పాలి. రెండు కంప్యూటర్లు, ఒక పీటీపీ స్విచ్, ఒక ఆసిలోస్కోప్ చాలు. మామూలు స్విచ్ పెట్టి ఒకసారి, దీన్ని పెట్టి ఒకసారి కొలిస్తే, పుస్తకం చెప్పలేనిది విద్యార్థికి తెర మీద కనబడుతుంది.

ఒకే దేశం, ఒకే సమయం అన్న లక్ష్యం మంచిదే. చివరి స్విచ్ దాటాక కూడా అది అదే సమయంగా మిగిలిందా అన్న ప్రశ్నను పరికరం కొనకముందే అడగాలి. గ్రిడ్ కుప్పకూలాక దర్యాప్తు సంఘం అడిగే దాకా ఆగనక్కర్లేదు.