బిట్లు సరే.. మీ వార్డు లెక్క తెలుసా?

74వ రాజ్యాంగ సవరణ ఎప్పుడు అమల్లోకి వచ్చింది? గ్రూప్స్‌కు చదువుతున్నవాళ్లు ఠక్కున చెప్పేస్తారు: 1993 జూన్ 1. పన్నెండో షెడ్యూల్‌లో ఎన్ని అంశాలు? 18. ఇక్కడిదాకా ఇబ్బంది లేదు. ఇప్పుడు ఇంకో రెండు ప్రశ్నలు. మీరుంటున్న వీధిలో నల్లా నీళ్లు వారానికి ఎన్ని గంటలు వస్తున్నాయి? మీ వార్డులో ఇంటికోసం దరఖాస్తు పెట్టుకున్నవాళ్లలో ఎంతమందికి మంజూరైంది? వీటికి ఏ గైడులోనూ జవాబు దొరకదు.

ఆ 18 అంశాల్లో తాగునీరు, పారిశుద్ధ్యం, వీధి దీపాలు, మురికివాడల అభివృద్ధి, భవన నిర్మాణాల నియంత్రణ అన్నీ ఉన్నాయి. అంటే మీరు బిట్టుగా బట్టీ పడుతున్నది మీ గుమ్మం ముందు నడుస్తున్న పాలననే. అది గాడి తప్పితే ముందు దెబ్బ తగిలేది పేదవాళ్లకు. నీళ్లు రాని రోజు ఉన్నవాళ్లు ట్యాంకర్ తెప్పించుకుంటారు. కూలికి వెళ్లే ఇంట్లో మాత్రం ఒకరు పని మానుకుని బిందెలతో నిలబడాలి. ఆ రోజు కూలి పోయినట్టే.

మనం కోపం వచ్చినప్పుడు ఫిర్యాదు పెడతాం. రెండు రోజులకు యాప్‌లో 'పరిష్కారమైంది' అని వస్తుంది. వీధిలోకి వెళ్లి చూస్తే మ్యాన్‌హోల్ అలాగే పొంగుతుంటుంది. నలుగురూ నాలుగు మాటలు అనుకుని ఊరుకుంటాం. కౌన్సిల్ పనితీరును కొలవాలంటే ఆ కోపం చాలదు, చేతిలో లెక్క ఉండాలి.

కొలవడానికి గజంబద్ద ఉంది. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2008లోనే పట్టణ సేవలకు ప్రమాణాలు ప్రకటించింది. మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు, 24 గంటల సరఫరా, ప్రతి ఇంటి నుంచీ చెత్త సేకరణ, వచ్చిన ఫిర్యాదుల్లో కనీసం 80 శాతానికి పరిష్కారం.. ఇవీ లక్ష్యాలు. మన ఊళ్లు వీటికి చాలా దూరంలో ఉన్నాయని మీకూ తెలుసు. ఎంత దూరంలో ఉన్నామో అంకెల్లో చెప్పగలిగితేనే మాటకు బరువు వస్తుంది.

ఒక నోట్‌బుక్ తీసుకోండి. 30 రోజులపాటు నీళ్లు ఎప్పుడొచ్చాయి, ఎప్పుడు ఆగాయి, చెత్త బండి వచ్చిందా లేదా, ఏ స్తంభానికి లైటు వెలగలేదు, ఏ ఫిర్యాదు ఏ తేదీన ఇచ్చారు, నిజంగా పని ఎప్పుడు జరిగింది అన్నవి రాయండి. నలుగురు స్నేహితులు నాలుగు వీధులు పంచుకుంటే నెలాఖరుకు మీ దగ్గరున్న వివరాలు చాలా ఆఫీసుల్లోనూ ఉండవు.

తర్వాతి మెట్టు సమాచార హక్కు చట్టం. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా మొదటి అప్పీలు. 'మాకు ఇక్కడ ఓటు లేదు, హాస్టల్లో ఉంటున్నాం' అంటారేమో! ఈ చట్టం కింద అడగడానికి భారత పౌరులైతే చాలు. అయితే అడిగే తీరు తెలియాలి. 'మా వీధికి నీళ్లు ఎందుకు రావట్లేదు?' అని రాస్తే జవాబు దాటవేయడం తేలిక. 'గత ఆరు నెలల ఫిర్యాదుల రిజిస్టర్ నకలు ఇవ్వండి', 'ఈ రోడ్డు పని అంచనా, ఎం-బుక్ నకళ్లు ఇవ్వండి' అని రికార్డు పేరు పెట్టి అడగండి. జరిగిన పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా ఈ చట్టంలోనే ఉన్నాయి.

ఇళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. సబ్సిడీ పథకాల అమలు తీరు, కేటాయించిన సొమ్ము, లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకముందే వెల్లడించాలని సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. తెలంగాణలో ఇందిరమ్మ ఇంటికిచ్చే రూ.5 లక్షలు పని జరిగినకొద్దీ దశలవారీగా వస్తాయి. మధ్యలో ఒక బిల్లు ఆగితే ఆ కుటుంబం వడ్డీకి తేవాలి, లేదా గోడల దగ్గరే పని ఆపాలి. జాబితాలో ఎవరున్నారు, ఎవరి బిల్లు ఏ దశలో ఎన్నాళ్లుగా ఆగింది అన్న లెక్క వీధిలో ఒక్కరి దగ్గరున్నా, అడిగే దారి ఏర్పడుతుంది.

వెళ్లాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. తెలంగాణ మున్సిపల్ చట్టం 2019 ప్రకారం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలుండాలి. అందులో ఒకటి యువతది, 15 మంది సభ్యులు. మీ వార్డులో అది ఉందా, ఎన్నిసార్లు కూర్చుంది? ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయాల్లో పారిశుద్ధ్యానికి, సౌకర్యాలకు, ప్లానింగ్‌కు వేర్వేరు కార్యదర్శుల పోస్టులున్నాయి. మీ సమస్య వాళ్లలో ఎవరిదో ముందు తెలుసుకోండి.

ఒక్క జాగ్రత్త. ఫోన్ పట్టుకుని పారిశుద్ధ్య కార్మికురాలి మీదికి వెళ్లకండి. బండి రాకపోవడానికి డీజిల్ లేకపోవడమో, రిపేరుకు డబ్బు మంజూరు కాకపోవడమో కారణం కావచ్చు. అడగాల్సింది ఆ నిర్ణయం తీసుకునే కుర్చీని.

మరి దీనివల్ల ఉద్యోగం వస్తుందా? నేరుగా రాదు. కానీ వివరాలు సేకరించడం, రికార్డు చదవడం, అధికారికి రెండు పేరాల్లో విషయం చెప్పడం ఏ ఉద్యోగంలోనైనా పనికొచ్చేవే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ సామాజిక తనిఖీలు చేసింది శిక్షణ పొందిన పల్లె యువతే. మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, కూలి అందిందా అని అడిగి, అందరి ముందూ చదివి వినిపించారు. దేశమంతా ఆ పని గురించి మాట్లాడుకుంది. పట్టణ వార్డుల్లో అలాంటి తనిఖీ ఇంకా అలవాటు కాలేదు.

కోచింగ్‌కు, లైబ్రరీకి పోగా వారానికి రెండు గంటలు దీనికివ్వండి. ఈ ఆదివారం మీ వీధితో మొదలుపెట్టండి. నెల తిరిగాక ఆ నోట్‌బుక్‌తో వార్డు ఆఫీసుకు వెళ్లి, ఇచ్చినట్టు రశీదు తీసుకుని రండి.