ఎర్ర అక్షరాలు ఏం చెప్పాలి?

కూరలో ఉప్పు తక్కువైందనుకోండి. ఇంట్లోవాళ్లు "బాగాలేదు" అని కంచం పక్కకు నెట్టేస్తే మనకేం తెలుస్తుంది? "కాస్త ఉప్పు పడాలి" అంటే క్షణంలో సరిచేస్తాం. కంప్యూటరు సంగతీ అంతేనండీ! ఫారం నింపి బటన్ నొక్కగానే ఎర్రటి అక్షరాల్లో "ఇన్‌వ్యాలిడ్" అంటుంది. ఏ గడిలో ఏం తప్పో మాత్రం చెప్పదు.

చాగలమర్రి లాంటి ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. పొలం పని మానుకుని మీసేవ కేంద్రానికి వెళ్లిన మనిషికి ఆ ఒక్క మాటతో ఆరోజు కూలి పోయినట్టే. "ఏం తప్పో చెప్పకుంటే ఎట్లా దిద్దేది?" అని ఆమె అడిగితే న్యాయమే కదా!

బ్యాంకు ఐ.ఎఫ్.ఎస్.సి. కోడ్‌నే తీసుకోండి. మొత్తం 11 స్థానాలు. మొదటి నాలుగూ అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నా. అక్కడ ఇంగ్లీషు 'ఓ' కొట్టేస్తే? చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయాయె! "కోడ్ చెల్లదు" అంటే పాస్‌బుక్కుతో పదిసార్లు పోల్చుకున్నా తప్పు దొరకదు. "ఐదో స్థానంలో సున్నా ఉండాలి, మీరు 'ఓ' కొట్టారు" అంటే అరనిమిషం పని.

చిరునామా కూడా అంతే. చాగలమర్రి 2022 ఏప్రిల్ 4 దాకా కర్నూలు జిల్లా. ఆ రోజు నుంచి నంద్యాల జిల్లా. పాత కాగితాల్లో పాత పేరే ఉంటుంది. "వివరాలు సరిపోలేదు" అనకుండా "జిల్లా పేరు తేడాగా ఉంది" అంటే ఎంత మేలు!

అలాగని అన్నీ విప్పి చెప్పకూడదు సుమా! "యూజర్ నేమ్ గానీ పాస్‌వర్డ్ గానీ తప్పు" అని నాన్చడం కావాలనే. పాస్‌వర్డ్ మాత్రమే తప్పని చెబితే, యూజర్ నేమ్ సరైనదేనని దొంగకు చెప్పినట్టే. కొన్నిటిలో కంప్యూటరుకే పూర్తిగా తెలియదు. ఆధార్‌లోని 12 అంకెల్లో చివరిది సరిచూసుకునే అంకె. ఒక్క అంకె మారినా, పక్కపక్కవి తారుమారైనా తప్పుందని పసిగడుతుంది గానీ, ఏ అంకె తప్పో చెప్పలేదు. అప్పుడు "కార్డు చూసి అంకెలు మళ్లీ సరిచూడండి" అంటే చాలు. మనం కొట్టిన నంబరు మొత్తం ఎర్రగా తెరమీద వేస్తే వెనక నిలబడ్డవాళ్లూ చదివేస్తారు!

మీరు చేయాల్సినవి:

* ఎర్ర అక్షరాలు కనబడగానే మళ్లీ మళ్లీ నొక్కకండి. పాస్‌వర్డ్ పదేపదే తప్పితే కొన్నిచోట్ల ఖాతా తాత్కాలికంగా మూసేస్తారు.
* ఆ మాటల్ని ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకోండి. "ఏదో ఎర్రర్ వచ్చింది" అంటే ఎవరూ సాయం చేయలేరు.
* సెంటర్‌లో "ఏ గడిలో తప్పు? అక్కడ ఏముండాలి?" అని రెండు ప్రశ్నలూ తప్పకుండా అడగండి.
* సాయం చేస్తామన్నా సరే, ఓటీపీ, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి.

తప్పు ఎక్కడుందో చెప్పించుకోవడం మీ హక్కు. అడగడానికి మొహమాటపడకండి.